కవరుతో నాటిన చెట్లు

తోటలు వేసే పనిలో ముప్పై ఏళ్లకు దగ్గరపడుతున్నాను. ఉద్యాన డిప్లొమా చదివే పిల్లల ముందు మాట్లాడమని ఏడాదికొకసారైనా ఎవరో ఒకరు పిలుస్తారు. ఈ పనిలో కష్టమేమిటి, సుఖమేమిటి చెప్పమంటారు. నేను చెబుతాను. తిరుపతి చుట్టుపక్కల నేల గురించి మొదలుపెడతాను. పైన జానెడు ఎర్రమన్ను, దాని కింద గడ్డపార దిగని గరుసు, ఇంకా కిందికి పోతే బండ. మే నెల ఎండలో ఇంటి ముందు పచ్చిక కావాలనే యజమానుల గురించి చెబుతాను. ఫోన్లో కేరళ ఫొటో చూపించి అచ్చం ఇలాగే కావాలనేవాళ్ల గురించి, రాత్రికి రాత్రి మందార మొగ్గలన్నీ తిని పోయే కోతుల గురించి చెబుతాను. పిల్లలు నవ్వుతారు.

ఆ తర్వాత ఒక కథ చెప్పేవాణ్ని. ఒక ప్లాట్ల వెంచరులో అరవై కానుగ చెట్లు నాటామని, నీళ్లు పోసిన మనిషి సరిగా చూడక ఒక్కటి తప్ప అన్నీ ఎండిపోయాయని. "మొక్క ఎంత మంచిదైనా పోసే చెయ్యి మంచిది కాకపోతే అంతే" అని ముగించేవాణ్ని. ఆ మాట కొందరు పుస్తకాల్లో రాసుకోవడం నేను చూశాను.

ఆ కథ అబద్ధం. చెట్లు ఎండిన మాట నిజమే, ఎండింది మాత్రం నా వల్ల. నేను చెప్పిన అబద్ధం వల్ల ఒక మనిషి చెయ్యి చెడ్డదని పేరుపడింది. జరిగింది జరిగినట్టు రాయాలని కూర్చున్నాను.

మాది చిత్తూరు వైపు పల్లె. మా నాయన వేరుశనగ వేసేవాడు. రెండు బోర్లు ఎండిపోయాక నేను ఇంటర్‌తో చదువు మానేసి, తిరుపతిలో ఒక లాడ్జీ తోటలో కూలికి కుదిరాను. ఏమి పని అని అడిగితే, గడ్డి నాటుతున్నామని చెప్పాను. మా నాయన చాలాసేపు నవ్వాడు.

"గడ్డి పీకేదానికి కూలి ఇస్తారని తెలుసు గానీ, నాటేదానికి కూడా ఇస్తారని నీ దగ్గరే ఇన్నానప్పా" అన్నాడు. చనిపోయేదాకా ఊళ్లో అందరికీ ఆ మాట చెప్పుకున్నాడు.

అయినా నాకు ఆ పని నచ్చింది. ఈ పనిలో సుఖం ఆలస్యంగా వస్తుంది. నాటిన ఆరేడేళ్ల తర్వాత ఆ దారినే పోతుంటే, మన చెట్టు కింద ఎవరో బండి ఆపుకుని ఫోను మాట్లాడుకుంటుంటారు. జామకాయలు అమ్మే ఆమె గంప దించుకుని చెమట తుడుచుకుంటూ ఉంటుంది. ఆ చెట్టు ఎవరు నాటారో వాళ్లకు తెలియదు. నాకు తెలుసు, అంతే. ఆ పూట మరేమీ అక్కర్లేదనిపిస్తుంది.

సొంతంగా పనులు పట్టుకోవడం మొదలుపెట్టిన కొత్తలో పూతలపట్టుకు ఇవతల ఒక ఊరి నుంచి ఆడకూలీల గుంపు నా దగ్గరికి వచ్చేది. గుంపుకు పెద్ద ఒకామె. నాకంటే పదేళ్లు పెద్దది. అందరూ మేస్త్రక్క అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేవాణ్ని. ఆమె నన్ను "అప్పా" అనేది.

వైద్యుడికి హస్తవాసి ఉన్నట్టే నాటే చేతికీ ఉంటుందని మా వైపు నమ్మకం. కొత్త ఇంటి ముందు టెంకాయ మొక్క, పెరట్లో మునగకొమ్మ, పందిరి కింద సొరవిత్తు, ఏదైనా సరే, మొదటిది ఎవరి చేత పెట్టించాలా అని ఇంటివాళ్లు ఆలోచిస్తారు. మేస్త్రక్కది మంచి చెయ్యి అని చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో పేరు. పెట్టించుకోవడానికి మనుషులు వచ్చి పిలుచుకుపోయేవాళ్లు. నేను ఎక్కడ పని మొదలుపెట్టినా మొదటి మొక్క ఆమె చేతే నాటించేవాణ్ని.

చేతిలో ఏముందో నాకు తెలియదు. ఆమె పని చేసే తీరు మాత్రం తెలుసు. ముందురోజు సాయంత్రమే గుంత తడిపి పెట్టేది. మొక్కను కాండం పట్టుకుని ఎత్తనిచ్చేది కాదు. "మెడ పట్టుకోని బిడ్డను ఎత్తతారంటే?" అని కొత్తగా వచ్చినవాళ్లను కసిరేది. మట్టి పోశాక మడమతో చుట్టూ నొక్కి, గాలి లేకుండా చేసి, అప్పుడు నీళ్లు పోసేది.

పన్నెండేళ్ల కిందట ఆమె ఊరి దగ్గరే రోడ్డు పక్కన ఒక వెంచరు వేశారు. రోడ్లకు రెండు పక్కలా చెట్లు నాటే పని నాకు వచ్చింది. అప్పటిదాకా నాకు దొరికిన వాటిలో అదే పెద్ద పని. కాగితాల మీద అచ్చువేసిన బొమ్మలో దారికి రెండు వైపులా చెట్లు నిలబడి ఉంటాయి. ప్రారంభం రోజున కొనేవాళ్లు వచ్చి చూస్తే అచ్చం అలాగే ఉండాలని యజమాని పట్టు. ఎనిమిదడుగుల కానుగ మొక్కలు కడియం నర్సరీల నుంచి లారీలో తెప్పించాను. అవి పెద్ద నల్ల కవర్లలో వస్తాయి. నాటే ముందు కవరు చించి తీసేసి, లోపలి మట్టిముద్ద చెదరకుండా గుంతలో దించాలి. మొక్కలు నాటడం నేర్చుకునేవాళ్లకు ఇది మొదటి పాఠం.

లారీ గూడూరు దగ్గర చెడిపోయి రెండు రోజులు ఎండలో నిలబడింది. ప్రారంభానికి ముందురోజు పొద్దున వచ్చింది. కవర్లలో మట్టి ఎండి పొడి అయిపోయింది. మొదట చించిన మూడింటిలో మట్టి జలజలా రాలిపోయి వేళ్లు బయటపడ్డాయి. వేళ్లు బయటపడిన చెట్టు తెల్లారేసరికి తలవాల్చేస్తుంది. మొత్తం అలాగే అయితే ప్రారంభం పూజకు వచ్చినవాళ్లు చూసేది అరవై వాడిపోయిన కట్టెలను.

ఆ మూడింటినీ పక్కన పడేయించి, మిగతావి కవర్లు చించకుండా అలాగే గుంతల్లో పెట్టేయమన్నాను.

మేస్త్రక్క పార కింద పెట్టింది. "కవరు సించకుండా యాడన్నా నాటతారా అప్పా?"

"రేపు పూజ అయిపోనీ అక్కా. తడిపి పెడితే మట్టి గట్టిపడతాది. వారంలో వచ్చి పైకి తీసి, సించి పెడదాం."

"నువ్వు యాడొస్తావు? ఈలోపల నీకు ఇంకో ఊర్లో పనొస్తాది, నువ్వు పోతావు. కాళ్లు కట్టేసిన దూడల మాదిరి ఇవి ఈడనే సస్తాయి."

నాకు కోపం వచ్చింది. గుంపు అంతా వింటున్నారు. "అక్కా, ఈడ మేస్త్రి నువ్వా నేనా?" అన్నాను.

"నువ్వేలే సామీ. గుంతలు మావి, సెట్లు నీవి" అంది. ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు.

ఒకటి మాత్రం ఆమె నా మాట వినలేదు. గేటు పక్కన మొదటి గుంత తనది. లారీలో వెతికి, కవరు మీద నీళ్లు చిలకరించి, పైన కిందా తడిమి చూసి, మట్టి కాస్త పట్టుగా ఉన్న మొక్కను ఎంచుకుంది. గుంతలోకి దించాక కొడవలితో కవరును నిలువునా కోసి, మెల్లగా పక్కకు లాగేసింది. "నా సేత్తో పెట్టేదాన్ని నేను అట్ల పెట్టను" అంది. సాయంత్రానికి మిగతావన్నీ కవర్లతోనే నాటేశాం. మట్టి కప్పాక అన్నీ ఒకేలా కనిపించాయి.

మరునాడు పూజ బాగా జరిగింది. యజమాని నన్ను పిలిచి శాలువా కప్పాడు.

వారంలో తడలో ఒక ఫ్యాక్టరీ ఆవరణంతా పచ్చగా చేసే పని వచ్చింది. ఆమె చెప్పినట్టే పోయాను. పోయే ముందు వెంచరులో నీళ్లు పోయడానికి మేస్త్రక్కను కుదిర్చాను. కవర్ల సంగతి మనసులో ఉంది. వచ్చే నెల, వచ్చే నెల అనుకుంటూ ఉన్నాను. వానలు పడ్డాయి, చెట్లు చిగురు వేశాయి. ఫర్వాలేదేమో అనుకున్నాను. కవరులో ఉన్న చెట్టు కొన్నాళ్లు బాగానే ఉంటుంది. ఎండాకాలం వచ్చాకే దాని సంగతి బయటపడుతుంది. బయట ఎన్ని నీళ్లు పోసినా లోపలికి అందవు. వేళ్లు బయటికి పోలేక లోపలే తిరిగి తిరిగి చుట్టుకుంటాయి.

ఏప్రిల్లో యజమాని ఫోన్ చేశాడు. వెళ్లి చూస్తే వరుసంతా పసుపు తిరిగింది. గేటు దగ్గరి చెట్టు ఒక్కటే నల్లగా నిగనిగలాడుతోంది. మిగతావాటిలో ఒకదాన్ని పట్టుకుని కదిపితే పాలపన్నులా ఊగింది. నాకు అర్థమైపోయింది.

యజమాని పక్కన ప్లాట్లు కొనడానికి వచ్చినవాళ్లు ఇద్దరున్నారు. "ఏమప్పా, నీ సెట్లు ఇట్లయినాయే?" అన్నాడు.

నిజం చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. కానీ ఆ మనిషి మాట మీదే నాకు ఇంకో రెండు పనులు రావాల్సి ఉన్నాయి. "నీళ్లు సరింగా అందినట్టు లేదు సార్" అన్నాను. అక్కడితో ఆగినా సరిపోయేది. నవ్వుతూ, "కొందరి సేతి మహిమ కూడా ఉంటాది కదా సార్" అని కూడా అన్నాను.

"మరి ఆ గేటుకాడిది బాగుండాదే?"

"దానికి ట్యాంకు నీళ్లు కారి అందతాండాయి సార్."

మేస్త్రక్క ఇరవై అడుగుల దూరంలో పైపు పట్టుకుని ఉంది. ఆమెకు వినపడింది. పైపులోంచి నీళ్లు ఆమె పాదాల మీద పడుతున్నాయి, ఆమె పైపు జరపలేదు. మా ఇద్దరి వైపు ఒకసారి చూసి మళ్లీ పాదు వైపు తిరిగింది. ఆ సాయంత్రమే ఆమెను నీళ్ల పని నుంచి మాన్పించారు.

నా మాట గుంపుతో పాటు ఊళ్లోకి పోయింది. వెంచరు యజమాని అన్నాడట, తోటల సారే అన్నాడట, అరవై చెట్లట. మనుషులు అంతకంటే ఏమి అడుగుతారు? కవర్ల సంగతి తెలిసిన గుంపులోని ఆడవాళ్లు కూడా, నా దగ్గర కూలి పోతుందని నోరెత్తలేదు. రెండు నెలల తర్వాత ఆమె బస్సెక్కి తిరుపతిలో నా నర్సరీకి వచ్చింది. అప్పటిదాకా నన్ను అప్పా అనే మనిషి ఆ రోజు సారూ అంది.

"మా సెల్లెలు కొత్తింటికాడ టెంకాయ సెట్టు పెట్టిచ్చింది సారూ. నన్ను పిలవలేదు. ఎదురింటామె సేత పెట్టిచ్చింది. నేను ఆడనే ఉండాను, అరిటాకులు కడగతా."

నేను కుర్చీ జరిపాను. ఆమె కూర్చోలేదు.

"కూలి యాడైనా దొరుకుతాది, దానికి రాలేదు. కవర్లతో పెట్టమన్నది నేనే అని మా ఊర్లో ఒక మాట సెప్పు. అంతే సాలు."

"సెప్తాలే అక్కా. ఈ తడ పని ఒకటి అయిపోనీ."

"పూజ కూడా అయిపోనీ అన్నావు" అంది. వచ్చిన బస్సుకే తిరిగి వెళ్లిపోయింది.

నేను చెప్పలేదు. తడ పని అయిపోయింది, దాని తర్వాత మరొకటి వచ్చింది. ఆమె గుంపు చెదిరిపోయింది. ఆమె మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే పనికి పోతోందని ఎవరో చెప్పారు. పేరు తెచ్చుకున్న ఆ చెయ్యి మొక్కను ముట్టడం మానేసింది. నేను మాత్రం పిల్లల ముందు ఆ కథ చెప్పడం మొదలుపెట్టాను. మొదటిసారి ఎందుకు చెప్పానో గుర్తులేదు. నవ్వారు కాబట్టి మళ్లీ చెప్పాను. చెప్పే కొద్దీ అది నిజంగా అలాగే జరిగినట్టు నాకే అనిపించసాగింది.

పోయిన ఏడాది ఆ వెంచరు నుంచి మళ్లీ పిలుపు వచ్చింది. ఇప్పుడక్కడ ఇళ్లు లేచాయి, మనుషులున్నారు, వాళ్లకొక సంఘం ఉంది. దారి పక్కన నీడ లేదు, మళ్లీ చెట్లు నాటాలన్నారు. ఎండిన మొదళ్లు చాలావరకు ఆ గుంతల్లోనే ఉండిపోయాయి. వాటిని తవ్వి తీయించాను. మొదటి మొద్దు పైకి రాగానే తవ్వేవాళ్లలో ఒకతను గడ్డపార వదిలేసి నవ్వాడు.

"అన్నా, ఇట్ల సూడు. ఎవురో మహానుభావుడు కవరుతోనే పూడ్చినాడు."

వేళ్లు కవరు లోపల ఒకదాని మీద ఒకటి చుట్టుకుని, నీళ్లబిందె కింద పెట్టుకునే చుట్టకుదురులా గట్టిగా బిగుసుకుపోయి ఉన్నాయి. కవరు మాత్రం ఎక్కడా చెక్కు చెదరలేదు. రెండోది తీశారు, అదీ అంతే. "వాని ఇల్లు బంగారం గానూ, ఒక్కదానికన్నా సించలేదే!" అని ఇంకొకతను అన్నాడు. అందరూ నవ్వారు. చేసింది వేరే ఎవరో అనుకున్నారు. నేను ఆ పక్కనే నిలబడి, ఇంకా లోతుగా తవ్వండి అన్నాను. ఆ రోజు కూడా నా నోటి నుంచి అంతకుమించి రాలేదు.

సాయంత్రం ఆ మొద్దుల్లో ఒకదాన్ని కవరుతో సహా స్కూటరు మీద పెట్టుకుని ఆమె ఊరికి వెళ్లాను. మామిడి కాలం అయిపోయింది. ఆమె వసారాలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. చేతివేళ్ల సందుల్లో మామిడి సొనకు కాలిన మచ్చలు నల్లగా ఉన్నాయి. నన్ను చూసి లేవలేదు.

"ఏంది సారూ, దోవ తప్పినావా?"

తెచ్చినదాన్ని ఆమె ముందు పెట్టాను. తిప్పి చూసింది. కవరు అంచు పట్టి లాగి చూసింది.

"కవరు బాగనే ఉండాది. ఇంకా పదేండ్లు వస్తాది" అంది.

"తప్పు నాదే అక్కా."

"ఇంత బరువు ఇంత దూరం ఎత్తుకోనొచ్చినావు. ఆ పొద్దు నోరెత్తింటే సరిపోయుండు కదా." మళ్లీ చింతపండు చేతిలోకి తీసుకుంది. "నాకెందుకు సెప్తావు సారూ? నాకు తెలీదా? తెలీనోళ్లకు సెప్పుపో."

తెలియనివాళ్లంటే వెంచరువాళ్లే అనుకున్నాను. ఆ ఆదివారం సంఘం వాళ్లు గేటు దగ్గర కానుగ చెట్టు కింద కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఆమె నాటిన చెట్టు అది. ఇప్పుడు నాలుగు కార్లకు నీడ ఇస్తోంది. లేచి నిలబడి జరిగిందంతా చెప్పాను. రిటైరైన పెద్దమనిషి ఒకాయన ఓపికగా విని, "ఎవరండీ ఆమె?" అన్నాడు. ఎవరికీ తెలియదు. పాత యజమాని ఎప్పుడో ప్లాట్లన్నీ అమ్ముకుని వెళ్లిపోయాడు. "పోనివ్వండి, ఈసారి కవర్లు తీసి నాటండి" అన్నాడాయన. అందరూ నవ్వారు, టీలు వచ్చాయి. నేను తల వంచుకుంది ఎవరి ముందర? అక్కడ పోయింది నీడ మాత్రమే. ఆమె పేరు పోయింది ఊళ్లో.

మరునాడు పొద్దున ఆమె ఊరి పాల సెంటరు దగ్గరికి వెళ్లాను. ఆ వేళకు ఊరంతా క్యాన్లు పట్టుకుని అక్కడే ఉంటారు. మేస్త్రక్క కూడా వరుసలో ఉంది. ఆమె చెల్లెలు ఆమెకు ముగ్గురి వెనక ఉంది. పాలు కొలిచే అతన్ని ఒక్క నిమిషం ఆగమని అడిగి, చెప్పాను. కవర్లు చించొద్దన్నది నేనని, ఆమె వద్దన్నా వినలేదని, ఆమె తన చేత్తో పెట్టిన ఒక్క చెట్టే బతికిందని, ఆమె చేతి మీద మాట వేసింది నేనని.

ఒక ముసలామె క్యాను కింద పెట్టి, "ఎన్నేండ్లాయప్పా?" అంది.

"పదకొండు."

"పదకొండేండ్లు దీన్ని కడుపులో పెట్టుకోని, అన్నం ఎట్ల తిన్నావు?"

"మగోళ్లకు అరగతాదిలే అత్తా, రాళ్లు పెట్టినా అరగతాది" అంది వెనక నుంచి ఒకామె. నవ్వులు లేచాయి. పడాల్సిన నవ్వే అది, పడ్డాను.

చెల్లెలు ఎవరి వైపూ చూడలేదు. "మా టెంకాయ సెట్టు బాగనే కాస్తాండాది" అంది, ఎవరో అడిగినట్టు. క్యాను మూత బిగిస్తూ అక్కతో అంది, "మొన్న గాలికి మునగసెట్టు పడిపోయింది. నాటేదానికి కొమ్మ తెచ్చినాము. సాయంత్రం రాక్కా."

"నాకు సింతపండు పని ఉండాది" అంది మేస్త్రక్క.

"పనయినాంకనే రా."

మేస్త్రక్క పాలు పోసి, చీటీ తీసుకుని, నన్ను దాటుకుని వెళ్లిపోయింది.

తర్వాతి మూడు వారాలు వెంచరులో చెట్లు నాటించాను. గుంతలు ముందురోజే తడిపించాను. ప్రతి కవరూ నేను దగ్గరుండి కోయించాను. కోసిన కవర్లన్నీ లెక్కపెట్టి మూట కట్టించాక గానీ నాకు నిద్ర పట్టలేదు. ఆఖరి రోజు ఊరి గుండా వస్తూ చెల్లెలి ఇంటి ముందు స్కూటరు ఆపాను. గోడ పక్కన మునగకొమ్మ నిలబడి ఉంది. కోసిన కొనమీద పేడముద్ద ఎండి ఉంది. దాని కింద రెండు చోట్ల వడ్లగింజంత ఆకుపచ్చ పైకి తోసుకు వచ్చింది. మేస్త్రక్క చెంబుతో నీళ్లు తెచ్చి మొదట్లో పోస్తోంది.

"ఇగురేసింది కదక్కా" అన్నాను.

"ఏస్తాది. ఎందుకెయ్యదు?"

అడగాలా వద్దా అనుకుంటూనే అడిగేశాను. "వెంచరుకాడికి ఒకతూరి రాకూడదా? నువ్వొచ్చి సూసిపోతే బాగుంటాది."

"కవర్లు సించినావా?"

"అన్నీ సించినా."

ఆమె చెంబు బోర్లించి, కొమ్మ చుట్టూ మట్టిని మడమతో నొక్కింది.

"అయితే ఇంక నేనెందుకప్పా?" అని లోపలికి వెళ్లింది.